యంత్రం పుచ్చుకొన్నదెంత, ఇచ్చినదెంత?



మన కృష్ణా డెల్టాకు పల్లపు సాగు అని పేరు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటినుంచి, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత కూడా, నీరు తనంతట తానే పల్లానికి పారి మన చేలకు చేరుతున్నది. ఎత్తిపోసే పని లేదు, ఎద్దుల పని లేదు. పై ఊళ్ళవారికి ఈ మాట ఈనాటికీ నిజమే. కాని బందరు కాలువ చివర, రైవస్ కాలువ చివర, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమ కొసకు పోయే కాలువ చివర భూములున్నవారిని అడగండి. "కాలువలో నీళ్ళున్నయ్యండీ, బోదెలోకి ఎక్కటం లేదు" అంటారు. కాలువలో మట్టం ఒక మూర తగ్గితే చాలు, శివారు రైతు గట్టుమీద ఇంజను దించవలసిందే. సార్వా ఆకుమడికి నీరు అందకపోయినా ఇంజనే, దాళ్వాలో వంతులవారీ నీరు చాలకపోయినా ఇంజనే, తుపాను వచ్చి చేను మునిగితే నీరు తోడిపోయటానికీ ఇంజనే.

అయితే ఆ ఇంజను మనదగ్గర ఎంత పుచ్చుకొంటున్నది, మనకు తిరిగి ఎంత ఇస్తున్నది? ఈ లెక్క వేసుకున్న రైతులు తక్కువ. పాడిగేదె తిన్న దాణా ఎంత, ఇచ్చిన పాలెన్ని అని లెక్క చూస్తాము. కూలికి వచ్చిన మనిషి ఎన్ని సెంట్లు కోశాడో చూస్తాము. ఇంజను విషయంలో మాత్రం "మోగుతున్నది, నీళ్ళు పడుతున్నయ్యి" అని సరిపెట్టుకుంటాము. ఈనాడు ఆ లెక్క వేసే పద్ధతి చెప్పుకుందాము. పెద్ద చదువు అక్కరలేదు. హెచ్చవేత, భాగహారం వస్తే చాలు.

ముందు మనకు తెలిసిన లెక్కతో మొదలుపెడదాము. గుడివాడ మిల్లులో నూరు కిలోల వడ్లు మరాడిస్తే ఎంత బియ్యం వస్తుంది? ప్రభుత్వం పచ్చిబియ్యానికి పెట్టుకున్న లెక్క 67 కిలోలు. మిగిలిన 33 కిలోలు ఊక, తవుడు. నూరు వేస్తే 67 చేతికి వచ్చింది. యంత్రం సంగతీ సరిగ్గా ఇంతే. దానిలో మనం పని పోస్తాము, అది మనకు పని ఇస్తుంది. పోసిన నూటికి చేతికి వచ్చినది ఎంతో ఆ అంకెను దక్షత అంటారు. యంత్రంలో ఊక, తవుడు ఏమిటంటే రాపిడి, వేడి, మోత, కారిపోయే నీరు. ఊక లేకుండా వడ్లు లేనట్లే, రాపిడి లేని యంత్రం లేదు. నూటికి నూరు ఇచ్చే యంత్రం ఇంతవరకు ఎవరూ చేయలేదు, ఇకమీద చేయబోరు. ఎవరైనా "మా యంత్రం డీజిలు లేకుండా, కరెంటు లేకుండా నీరు తోడుతుంది" అని మీ ఊరికి వస్తే, కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం బొద్దుగా ఉండాలి అన్న సామెత వారికి చెప్పి పంపండి.

ఇక పనిని కొలవటం ఎట్లా? బరువును, అది లేచిన ఎత్తుతో హెచ్చవేయాలి. పది కిలోల బరువును ఒక మీటరు ఎత్తితే పది కిలోగ్రాము మీటర్ల పని. ఒక కిలోను పది మీటర్లు ఎత్తినా అదే పది. నీటి విషయం మరీ సులువు. లీటరు నీరు కిలో బరువు. కనుక లీటర్లను మీటర్లతో హెచ్చవేస్తే పని వచ్చేస్తుంది.

ఇప్పుడు కళ్ళంలోకి రండి. ముఠా కూలీలు లారీకి బస్తాలు ఎక్కిస్తున్నారు. బస్తా 75 కిలోలు. లారీ బల్ల నేలనుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉన్నది. 3.6 మీటర్ల పొడవున్న చెక్కబల్లను వాలుగా వేసి బస్తాను దానిమీదుగా పైకి లాగారు. ఈ వాలుబల్ల ఒక సామాన్య యంత్రం. ఎత్తుకన్నా బల్ల మూడింతలు పొడవు. కనుక రాపిడి లేకపోతే 75లో మూడో వంతు, అంటే 25 కిలోల లాగుడు సరిపోవాలి. కాని తాడుకు స్ప్రింగు కాటా తగిలించి లాగి చూస్తే 40 కిలోలు చూపించిందనుకోండి. మనిషి పోసిన పని 40ని 3.6తో హెచ్చవేస్తే 144. బస్తాకు దక్కిన పని 75ని 1.2తో హెచ్చవేస్తే 90. తొంభైని 144తో భాగించండి. నూటికి 62½. అదే ఆ బల్ల దక్షత.

ఇదే లెక్కను చదువుకున్నవారు మరొక దారిన వేస్తారు. బరువును లాగుడుతో భాగిస్తే యాంత్రిక లాభం. ఇక్కడ 75ని 40తో భాగిస్తే 1.875. మన చేయి కదిలిన దూరాన్ని బరువు లేచిన ఎత్తుతో భాగిస్తే వేగ నిష్పత్తి. ఇక్కడ 3. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే మళ్ళీ అదే 62½ వస్తుంది. ఏ దారిన పోయినా ఊరు ఒకటే. పిల్లలు బడిలో ఈ రెండో దారి నేర్చుకుంటారు. రైతుకు మొదటి దారి చాలు. పోసినదెంత, దక్కినదెంత?

అదే బల్లమీద నాలుగు గుండ్రటి దూలపుముక్కలు పరచి, వాటిమీద పలక వేసి, బస్తాను ఆ పలకమీద పెట్టి లాగితే 30 కిలోల లాగుడుతో ఎక్కిందనుకోండి. అప్పుడు పోసిన పని 108, దక్కినది మళ్ళీ ఆ తొంభైయే. దక్షత నూటికి 83 అయింది. బస్తా మారలేదు, లారీ మారలేదు, మనిషి మారలేదు. రాపిడి తగ్గింది. ఇంతకన్నా మర్మం ఇందులో ఏమీ లేదు.

ఇక గిలకల సంగతి. 200 కిలోల ఇంజనును పైకెత్తటానికి పైన రెండు, కింద రెండు గిలకలున్న కప్పీ కట్టారు. ఇంజను ఒక మీటరు లేవాలంటే తాడు నాలుగు మీటర్లు లాగాలి. రాపిడి లేకపోతే 50 కిలోల లాగుడు చాలు. నిజానికి 65 పట్టింది. 65ను నాలుగుతో హెచ్చవేస్తే 260. రెండు వందలను 260తో భాగిస్తే నూటికి 77. ఇక్కడ ఒక మాట గమనించండి. కప్పీ మనకు బలం ఇచ్చింది, పని ఇవ్వలేదు. పైగా పనిలో కొంత తానే తినేసింది. బలంలో లాభం వస్తే దూరంలో నష్టం వస్తుంది. ఆ రెండింటి మధ్య రాపిడి తన వంతు పట్టుకుపోతుంది.

ఇప్పుడు రెండు యంత్రాలను కలుపుదాము. అదే 200 కిలోల ఇంజనును, దూలపుముక్కలు వేసిన వాలుబల్లమీదుగా, ఈ కప్పీతో బండిమీదికి లాగుతున్నాము. ఇట్లా ఒకదాని వెనుక ఒకటి పనిచేసేవి సంయుక్త యంత్రాలు. దక్షతలను కూడరాదు, హెచ్చవేయాలి. నూటికి 77లో నూటికి 83 అంటే 64. కప్పీ తీసుకొన్న తరువాత మిగిలినదానిలో బల్ల తన వాటా తీసుకుంటుంది. చేతికి వచ్చినది 64. సంత నుంచి ఇంటికి వచ్చేలోపు నలుగురు దళారీలు తలా కాస్త పట్టుకుపోయినట్లు, ప్రతి మలుపులోనూ కొంత పోతుంది. ఎన్ని యంత్రాలు గొలుసుగా తగిలిస్తే అంత తరుగు. ఈ హెచ్చవేత సూత్రాన్ని గుర్తుంచుకోండి. ఇంజను దగ్గరకు వెళ్ళినప్పుడు ఇదే మనకు దారి చూపుతుంది.

ఇంజను దగ్గరకు పోయేముందు ఒక్క నిమిషం తూము దగ్గర ఆగుదాము. దక్షత ఎక్కువగా ఉండటమే ఎప్పుడూ మంచిదా అంటే, కాదు. కాలువ తూముల మీదా, మురుగు కాలువలు సముద్రంలో పడేచోట పోటునీరు వెనక్కి ఎక్కకుండా కట్టిన స్లూయిజుల మీదా తలుపులెత్తే మరలు చూసే ఉంటారు. లస్కరు ఒక్కడే పిడి తిప్పి తలుపు ఎత్తుతాడు. పిడి పొడవు 40 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టు తిప్పితే చేయి 251 సెంటీమీటర్లు తిరుగుతుంది, తలుపు ఒక సెంటీమీటరు లేస్తుంది. మరమీద బరువు 600 కిలోలు, లస్కరు చేతి బలం 10 కిలోలు అయితే దక్షత ఎంత? 600ను 2,510తో భాగించండి. నూటికి 24 మాత్రమే.

ఇంత తక్కువా అని దానిని తీసిపారేయకండి. సాధారణంగా మర దక్షత నూటికి యాభైకి లోపు ఉంటే, చేయి వదిలినా బరువు దానిని వెనక్కి తిప్పలేదు. లస్కరు పిడి వదిలి గట్టుమీద కూర్చున్నా తలుపు ఎత్తినచోటనే నిలిచి ఉంటుంది. ఇక్కడ రాపిడి దొంగ కాదు, కాపలాదారు. లారీకింద పెట్టే స్క్రూ జాకీ సంగతీ ఇదే. తాడూ గిలకల విషయంలో మాత్రం ఈ నమ్మకం పెట్టుకోకండి. తాడు వదిలితే బరువు పడుతుంది.

కాపలాదారుకూ హద్దుండాలి. ఎండాకాలంలో గ్రీజు పెట్టకుండా వదిలేసిన మరకు తుప్పు పట్టి, దక్షత 24 నుంచి 12కు దిగిందనుకోండి. పది కిలోల బలం చాలేచోట ఇరవై కావాలి. ఇంకా దిగితే ఇద్దరు మనుషులు వేలాడినా తలుపు కదలదు. అది కదలని రోజు ముంపు రోజే అవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమవారికి, నీరు ఒక్క గంట ముందు దిగటానికీ ఒక్క గంట ఆలస్యంగా దిగటానికీ తేడా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మీ ఊరి మురుగు కాలువ తలుపు మరకు మే నెలలో గ్రీజు పడిందా లేదా అని అడగటం నీటి సంఘం చేయదగిన మంచి పని.

ఇక ఇంజను దగ్గరకు వద్దాము. అయిదు హెచ్.పి. ఇంజను, బెల్టు, పంపు, పైపులు, ఈ నాలుగూ కలిసి ఒక సంయుక్త యంత్రం. ఇందులో మనం పోసేది డీజిలు, మనకు దక్కేది బోదెలోకి ఎక్కిన నీరు. కొలవవలసినవి మూడే.

మొదటిది నీరు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. డ్రమ్ముకోసం పైపు మూతిని పైకి లేపకండి. మూతి లేస్తే నీరు తగ్గుతుంది, లెక్క తప్పుతుంది. కావాలంటే చిన్న గొయ్యి తీసి డ్రమ్మును అందులోకి దించండి.

రెండవది ఎత్తు. కాలువలో నీటిమట్టం నుంచి బోదెలో నీటిమట్టం వరకు నిలువు ఎత్తు. పైపు పొడవు కాదు సుమండీ. తాపీమేస్త్రీలు మట్టం చూసే సన్నని ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకుంటే గట్టు అడ్డమున్నా తేలికగా తెలుస్తుంది.

మూడవది డీజిలు. మొదలుపెట్టేముందు ట్యాంకు నిండా పోయండి. సరిగ్గా గంట నడపండి. ఆపి, కొలత లీటరుతో మళ్ళీ మూతిదాకా పోయండి. ఎంత పట్టిందో అంత తాగినట్లు.

ఇప్పుడు లెక్క. లీటరు డీజిలులో ఉన్న శక్తి దాదాపు పది యూనిట్ల కరెంటుకు సమానం. అదంతా పనిగా మారితే 36,70,000 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తాలి. ఈ అంకెను గోడమీద రాసిపెట్టుకోండి. మీ ఇంజను లీటరు డీజిలుతో ఎత్తిన నీటిని ఎత్తుతో హెచ్చవేసి, దీనితో భాగిస్తే దక్షత వస్తుంది.

డ్రమ్ము పది సెకన్లలో నిండిందనుకుందాము. సెకనుకు 20 లీటర్లు, గంటకు 72,000. ఎత్తు రెండున్నర మీటర్లు. గంటకు లీటరు డీజిలు పట్టింది. 72,000ను రెండున్నరతో హెచ్చవేస్తే 1,80,000. దీనిని 36,70,000తో భాగిస్తే? నూటికి అయిదు కూడా నిండలేదు. అంటే రూపాయి డీజిలు పోస్తే అయిదు పైసల పని చేతికి వచ్చింది. తొంభై అయిదు పైసలు గట్టుమీదనే పోయినవి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్లయింది.

ఈ తొంభై అయిదు పైసలు ఎక్కడ పోయినవి? గొలుసులో లంకె లంకెనూ పట్టి చూద్దాము. చిన్న డీజిలు ఇంజను రూపాయిలో 28 పైసలనే తిరిగే బలంగా మారుస్తుంది. మిగిలినది పొగగొట్టంలోనూ, చల్లబరిచే నీటిలోనూ వేడిగా పోతుంది. ఇది చాలావరకు ఇంజను స్వభావం, మన చేతిలో కొద్దిగానే ఉన్నది. తరువాత బెల్టు. వదులుగా ఉండి జారుతుంటే నూటికి 90 మాత్రమే పంపుకు అందుతుంది. తరువాత పంపు. తనకు తగని ఎత్తున, తగని వేగంతో నడుస్తుంటే అందులో సగమే నీటికి చేరుతుంది. చివరిది పైపు. దీనిదగ్గర కాస్త నిలబడాలి.

మనకు కావలసిన ఎత్తు రెండున్నర మీటర్లు. కాని చాలాచోట్ల డెలివరీ పైపు బోదెకన్నా ఒకటిన్నర మీటర్ల పైన గాలిలోకి ఎత్తి, నీరు వంపుగా దూకేటట్లు పెడతారు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ ఎత్తుకు లేపటానికి డీజిలు కాలుతుంది, కిందికి దూకినప్పుడు ఆ పని నురగగా పోతుంది. దీనికితోడు సన్నని పైపు, మొనదేలిన రెండు మూడు ఎల్బోలు, నాచుపట్టి సగం మూసుకుపోయిన ఫుట్‌వాల్వు కలిసి మరి 2.25 మీటర్ల ఎత్తుకు సరిపడ బలం తింటాయి. అంటే పంపు నిజానికి 6.25 మీటర్లు ఎత్తుతున్నది, మనకు రెండున్నర దక్కుతున్నది. నూటికి 40.

ఇప్పుడు హెచ్చవేయండి. 28లో నూటికి 90 అంటే 25 పైచిలుకు. అందులో సగం పన్నెండున్నర. అందులో నూటికి 40 అంటే అయిదు. డ్రమ్ముతో కొలిచినదీ అయిదే, లంకెలు లెక్కపెట్టినదీ అయిదే.

దీనిని బాగుచేయటానికి కొత్త ఇంజను కొననక్కరలేదు. అన్నిటికన్నా పెద్ద రంధ్రం పైపు దగ్గర ఉన్నది, దానితో మొదలుపెట్టండి. పైపు మూతిని బోదె నీటిమట్టానికి దించండి. మూడంగుళాల పైపు ఉంటే నాలుగంగుళాలది వేయండి. ఎల్బోలు తీసి వెడల్పాటి వంపు బెండు పెట్టండి. ఫుట్‌వాల్వు తీసి నాచు కడిగి, చుట్టూ వెడల్పుగా తడిక కట్టండి, చెత్త దానిదాకా రాకుండా. బెల్టు బిగువు చూసుకోండి, రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి.

అయితే ఒక జాగ్రత్త ఉన్నది. ఎత్తు తగ్గగానే పంపు ముందుకన్నా ఎక్కువ నీరు తోడటం మొదలుపెడుతుంది, ఇంజను మీద బరువు పెరగవచ్చు. కనుక పంపు వేగాన్ని కూడా తగ్గించాలి. వేగం నూటికి పది తగ్గిస్తే పంపు ఇచ్చే నీరు ఇంచుమించు పది తగ్గుతుంది, కాని అది అడిగే బలం నూటికి 27 తగ్గుతుంది. పంపుకు కాస్త పెద్ద పుల్లీ వేయటమే దీనికి ఉపాయం. "నీళ్ళు జోరుగా రావాలి బాబాయ్" అని మెకానిక్కు అంటే, డ్రమ్ము తెచ్చి అతనిముందు పెట్టండి. మోత జోరు వేరు, నీటి జోరు వేరు.

ఇవన్నీ చేశాక బెల్టు 95, పంపు 55, పైపు 75 దగ్గరకు వస్తాయనుకుందాము. ఇంతకుముందు ఇంజను 3.7 హెచ్.పి. ఇస్తేగాని రాని ఇరవై లీటర్ల నీరు ఇప్పుడు 1.7 హెచ్.పి.తో వస్తుంది. ఉన్న అయిదు హెచ్.పి. ఇంజనునే ఇంత తక్కువ బరువుమీద నడిపితే దాని దక్షత కాస్త దిగి 22 దగ్గర ఉండవచ్చు. అప్పుడు మొత్తం దక్షత తొమ్మిదికి కొంచెం లోపు. రేపు ఇంజను మార్చే రోజు వచ్చినప్పుడు మూడు హెచ్.పి.ది కొంటే మొత్తం పదకొండు. రెండున్నర మీటర్ల ఎత్తుకు అయిదు హెచ్.పి. ఎందుకండీ? పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం.

దీనిని ఎకరానికి మార్చి చూద్దాము. ఎకరంలో అయిదు సెంటీమీటర్ల లోతు నీరు నిలపాలంటే సుమారు రెండు లక్షల లీటర్లు కావాలి. పాత పద్ధతిలో 2.8 లీటర్ల డీజిలు. పైపు, బెల్టు, పుల్లీ సరిచేస్తే 1.6. చిన్న ఇంజను కూడా వచ్చాక ఒకటింబావు. పది ఎకరాలకు అయిదు తడులు పెట్టే రైతుకు 140 లీటర్లు అయ్యేచోట 80, ఆపైన 62. తేడాను మీ ఊరి బంకు ధరతో మీరే హెచ్చవేసుకోండి. పైపుకూ బెండుకూ పెట్టిన డబ్బు ఎన్నాళ్ళకు తిరిగివస్తుందో అదే చెబుతుంది.

"మాది కరెంటు మోటారు, కరెంటు ఉచితం, మాకెందుకీ లెక్క?" అని కొందరు అడగవచ్చు. ఉచిత విద్యుత్తు 2004లో వచ్చినమాట నిజమే. కాని ఉచితమైన కరెంటుకు వేళలున్నవి. ఆ వేళల్లో ఎంత నీరు ఎక్కుతుందన్నది దక్షతే తేలుస్తుంది. పైగా పదిమంది పంపులు పనికిమాలిన ఎత్తు ఎత్తుతుంటే ట్రాన్స్‌ఫార్మరు మీద బరువు పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, వైండింగు కాలుతుంది. ఆ ఖర్చు ఉచితం కాదు. గుడివాడ, బందరు ప్రాంతాల్లో చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్నవారు కరెంటుకు డబ్బు కట్టవలసినవారే. వారికి లెక్క ఇంకా తేలిక. ఒక యూనిట్ అంతా పనిగా మారితే 3,67,000 లీటర్ల నీరు ఒక మీటరు లేవాలి. మీటరు రీడింగు చూసి, నీరు కొలిచి, ఎత్తుతో హెచ్చవేసి, ఈ అంకెతో భాగించండి. నూటికి 40 దాటితే బాగున్నది. ఇరవైకి దిగితే వెతకవలసినది ఏదో ఉన్నది. చెరువు తోడటం వంటి తక్కువ ఎత్తు, ఎక్కువ నీటి పనికి సామాన్య పంపుకన్నా, విసనకర్ర రెక్కలవంటి రెక్కలున్న ఏక్సియల్ ఫ్లో పంపు అనువైనది. పంపు కొనేటప్పుడు పలకమీద హెచ్.పి. ఒక్కటే కాక, ఎన్ని మీటర్ల హెడ్డుకు చేసినదో కూడా చదవండి. ఇరవై మీటర్లకు చేసిన పంపును మూడు మీటర్లకు పెడితే అది మంచి పంపే అయినా మనకు చెడ్డ పంపే.

దివిసీమ ఇసుక నేలల్లో దొరువులు తవ్వుకున్న రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ మంచినీరు ఉప్పునీటిమీద మీగడలాగా తేలి ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరుంటే కింద నలభై అడుగులు ఉంటుందని సిద్ధాంత లెక్క. పైన ఒక అడుగు లాగేస్తే కాలక్రమాన కిందనుంచి ఉప్పునీరు అంతకు అంత లేస్తుంది. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసినవారు, చుట్టూ చిల్లుల గొట్టాలు పరచి నీరు నిదానంగా ఊరేటట్లు చేసి, చిన్న పంపుతో తోడుకోమని చెప్పినది ఇందుకే. ఇక్కడ పెద్ద ఇంజను డీజిలునే కాదు, నీటిని కూడా పాడుచేస్తుంది. చిన్న ఇంజనుతో ఎక్కువసేపు తోడటం రెండు విధాలా లాభం.

ఇది చిన్నకారు రైతుల చిల్లర లెక్క అనుకోకండి. గోదావరి నీటిని మన కృష్ణా డెల్టాకు తెచ్చే పట్టిసీమ ఎత్తిపోతల పథకం 2016లో పూర్తయింది. అక్కడ 24 పంపులు, అన్నీ కలిసి 8,500 క్యూసెక్కుల నీరు. అంత నీటిని ఒక్క మీటరు ఎత్తటానికి, దక్షత నూటికి నూరైనా, సుమారు 2,360 కిలోవాట్లు కావాలి. దక్షత 80 అయితే 2,950. దానిని 70కి దిగనిస్తే 3,370. పది పాళ్ళ తేడాకు ప్రతి మీటరుకూ 420 కిలోవాట్లు అదనం. మీ గట్టుమీది డ్రమ్ము లెక్కే అక్కడ కోట్ల లెక్క అవుతుంది. అంత ఖర్చుతో ఎత్తి తెచ్చిన నీరు మన శివారుకు వచ్చాక, గాలిలోకి లేపిన పైపునుంచి మరల దూకించి వృథా చేయటం న్యాయం కాదు గదా.

గ్రామ వ్యవసాయ సహాయకులకు మనవి. మీ రైతు సేవా కేంద్రంలో ఒక డ్రమ్ము, ఒక మట్టం గొట్టం, ఒక కొలత లీటరు, ఒక స్ప్రింగు కాటా ఉంచండి. ఊడ్పులకు ముందు పదిమంది ఇంజన్లు కొలిచి, ఎవరిది ఎంత వచ్చిందో పలకమీద రాయండి. ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. పక్కవాని ఇంజను తొమ్మిది ఇస్తుండగా తనది నాలుగు ఇస్తున్నదని చూసిన రైతు ఆ సాయంత్రమే పైపు దించుకుంటాడు. దించిన తరువాత మళ్ళీ కొలవటం మరువకండి. రెండోసారి కొలిస్తేనే మొదటిసారి కొలిచినదానికి విలువ.

రైతు సోదరులారా, చెప్పినదంతా మూడు మాటల్లో గుర్తుంచుకోండి. యంత్రం బలాన్ని మారుస్తుందిగాని పనిని పుట్టించదు. గొలుసుగా ఉన్న యంత్రాల దక్షతలను హెచ్చవేయాలి, అందుచేత అన్నిటికన్నా బలహీనమైన లంకెను ముందు బాగుచేయాలి. ఎత్తవలసినంతే ఎత్తాలి, జానెడు కూడా ఎక్కువ ఎత్తరాదు. రేపు కాలువగట్టుకు పోయినప్పుడు ముందుగా మీ పైపు మూతి బోదెకు ఎంత పైన ఉన్నదో చూడండి. తరువాత డ్రమ్ము దొర్లించుకు రండి.